తూనీగల లెక్క: మాటల పని డైరీ

పని చేతికొచ్చింది

నీళ్ల దగ్గర తూనీగల్ని జనం చేత లెక్కపెట్టించే ప్రాజెక్టులో కమ్యూనికేషన్స్ పని నాకు అప్పగించారు. చెరువు, కుంట, కాలవ, పార్కులో చిన్న తొట్టి, ఎక్కడైనా సరే, నీళ్ల పక్కన ఒక పావుగంట నిలబడి కనిపించిన తూనీగలన్నీ రాసి పంపాలి. ఎవరైనా పంపొచ్చు. సైన్సు చూడ్డానికి ఒక కీటక శాస్త్రవేత్త ఉన్నారు, ఆవిణ్ణి అందరం మేడమ్ అంటాం. డేటా చూసే కుర్రాడు ఒకడు, బొమ్మలకి ఒక డిజైనర్, వీళ్లు కాక శని ఆదివారాల్లో వచ్చే వాలంటీర్లు. పోస్టర్లు, మెసేజీలు, ఫారం మీద ఉండే ప్రతి మాట, పత్రికల వాళ్లతో మాట్లాడ్డం, వచ్చిపడే ప్రశ్నలకి జవాబులివ్వడం నా వంతు.

ఇది రాసి పెట్టుకోవడం ఎందుకంటే, ఇలాంటి ప్రాజెక్టుల్లో సైన్సు ఎలా చెయ్యాలో చదువుకోడానికి బోలెడంత దొరుకుతుంది గానీ మాటల పని లోపల ఎలా ఉంటుందో చెప్పేవాళ్లు తక్కువ. చాలామంది దీన్ని ప్రచారం కింద జమ కట్టేస్తారు, సైన్సు వాళ్లు పని ముగించాక దానికి నాలుగు రంగులద్ది జనంలోకి వదలడం అని. జనమే కొలిచి పంపే ప్రాజెక్టులో అలా కుదరదు. మనం ఏది అడిగితే అదే వస్తుంది, అడగంది రాదు. అందుకే డేటా చూసే కుర్రాడితో మొదటి రోజే చెప్పాను, ఫారంలో నేను ఒక మాట మార్చిన ప్రతిసారీ నీకు చెప్తాను, తేదీ రాసి పెట్టుకో, తర్వాత లెక్కల్లో ఎక్కడైనా ఉన్నట్టుండి తేడా కనిపిస్తే ముందు ఆ తేదీలు చూడు అని. ఆ ఫైలు ఇప్పటికీ నడుస్తోంది.

పోస్టర్ మీద పంచాయితీ

నేను వచ్చేసరికే ఒక పోస్టర్ నమూనా సిద్ధంగా ఉంది. "అరుదైన తూనీగ కనిపించిందా? ఫొటో తీసి పంపండి!" అని పెద్ద అక్షరాల్లో. చూడ్డానికి బావుంది, చదవగానే ఉత్సాహం వస్తుంది. కానీ అది అలాగే అచ్చయితే మాకొచ్చేవి అరుదైనవాటి ఫొటోలు, అరుదైనవని జనం అనుకున్నవాటి ఫొటోలు, అంతే. రోజూ కనిపించే మామూలు తూనీగని ఎవరూ పంపరు, "ఇదేముందిలే, ఎప్పుడూ ఉండేదే" అనుకుంటారు. నీళ్ల పరిస్థితి గురించి ఎక్కువ చెప్పేది ఆ మామూలువే. పదేళ్ల తర్వాత అవి తగ్గాయా లేదా తెలియాలంటే ఇవాళ ఎన్ని ఉన్నాయో ఎవరో ఒకరు రాసి ఉండాలి.

పక్షుల విషయంలో, జనం తాము చూసినవాటి జాబితాలు పంపే ఈబర్డ్ అనే వెబ్‌సైటు 2002లో మొదలైంది. అందులో జాబితా పంపేటప్పుడు ఒక ప్రశ్న అడుగుతారు, మీరు గుర్తుపట్టగలిగిన పక్షులన్నీ ఇందులో రాశారా అని. అవునంటే ఆ జాబితా విలువే వేరు. అందులో లేని పక్షి ఆ పూట ఆ మనిషి కంటికి పడలేదని కూడా దాన్ని బట్టి చెప్పొచ్చు. ఊరికే నచ్చినవి రాసిన జాబితాలో పిచ్చుక లేకపోతే, అక్కడ పిచ్చుక లేదా, ఉన్నా రాయలేదా అనేది ఎవరికీ తెలీదు. ఇది మేడమ్‌కి ఎప్పట్నుంచో తెలిసిన విషయమే, కానీ పోస్టర్ మీద మాట దాన్ని పాడుచేస్తుందని ఎవరూ ఆ కోణంలో ఆలోచించలేదు.

కొత్త వాక్యాలు ఇలా తేలాయి: "నీళ్ల పక్కన పావుగంట నిలబడండి. కనిపించిన ప్రతి తూనీగనీ రాయండి. ఒక్కటీ కనిపించకపోయినా అదే రాసి పంపండి." మూడో వాక్యం దగ్గరే గట్టి గొడవ. ఏమీ కనిపించకపోతే ఎవరు పంపుతారండీ, పోస్టర్ ఉత్సాహం మీద నీళ్లు చల్లినట్టుంటుంది కదా అన్నాడు డిజైనర్. అతను చెప్పిందాంట్లో న్యాయం ఉంది. అయినా పట్టుబట్టాను. పోస్టర్‌తో ఆగకుండా ఫారంలో "ఒక్కటీ కనిపించలేదు" అనే బటన్ మిగతా వాటి సైజులోనే, పైనే పెట్టించాను, ఎక్కడో అడుగున దాచకుండా. అది నొక్కి పంపినవాళ్లకి వెళ్లే జవాబు కూడా విడిగా కూర్చుని రాశాను: "మీ పావుగంట మాకు చేరింది. ఈ చోట, ఈ వేళలో తూనీగలు కనిపించలేదని ఇప్పుడు మా దగ్గర నమోదైంది. ఇదే చోటికి ఇంకో నెలలో మళ్లీ వెళ్లగలరా?"

పాత ఉదాహరణ ఒకటి వాలంటీర్ల మీటింగులో చెప్పాను. అమెరికాలో 1900లో ఫ్రాంక్ చాప్‌మన్ అనే పక్షి శాస్త్రవేత్త, క్రిస్మస్ పూట పక్షుల్ని వేటాడే బదులు లెక్కపెడదాం రండి అని పిలిచారు. ఆ ఏడాది 27 మంది, 25 చోట్ల లెక్కపెట్టారు. అంతే మంది. ఆ లెక్క ఇప్పటికీ ఏటా జరుగుతోంది. ఒక్కో బృందం దాదాపు 24 కిలోమీటర్ల వ్యాసం ఉన్న తమ వలయంలో ఒక రోజంతా తిరిగి కనిపించినవన్నీ రాస్తుంది. వందేళ్ల మార్పు గురించి ఇవాళ మాట్లాడగలుగుతున్నారంటే కారణం అరుదైన పక్షులు కాదు, అదే వలయంలోకి మళ్లీ మళ్లీ వెళ్లి అన్నీ రాసుకొచ్చిన మనుషులు. ఇది విన్నాక మా వాలంటీర్లలో ఒకావిడ, "అయితే మనం చోటు మార్చకూడదన్నమాట" అంది. అంతే, ఆ మాట అలాగే తర్వాతి మెసేజీలోకి ఎక్కించాను.

బొమ్మ ఎన్నిసార్లు గీసినా

డిజైనర్ గీసిన మొదటి తూనీగ చూడముచ్చటగా ఉంది, కాకపోతే రెక్కలు తోక మీద మొలిచాయి. తూనీగకి నాలుగు రెక్కలూ ఆరు కాళ్లూ అన్నీ మధ్యభాగం నుంచే, అంటే తలకీ పొడుగాటి పొట్టకీ మధ్య ఉండే గట్టి ముద్దలాంటి భాగం నుంచే వస్తాయి. మనం తోక అనేది నిజానికి పొట్టే. ఈ సంగతి చెప్తే అతను చిన్నబుచ్చుకోలేదు, పైగా మేడమ్ దగ్గర కూర్చుని పెద్దది చేసిన ఫొటోలు చూసి, కండరాలన్నీ అక్కడే ఉంటాయి కాబట్టి రెక్కలూ అక్కడే ఉండాలి కదా అని తనే అర్థం చేసుకున్నాడు. నాలుగు రెక్కల్నీ దేనికది విడిగా ఆడించగలదని తెలిశాక, ముందు జతనీ వెనక జతనీ వేరే కోణాల్లో గీశాడు. ఆ బొమ్మ ఇప్పుడు పోస్టర్ మీద ఉంది, నాకు చాలా ఇష్టం.

ఏఐతో గీయించిన బొమ్మ వాడేద్దాం, టైమ్ కలిసొస్తుంది అన్న మాట కూడా వచ్చింది. నేను ఒప్పుకోలేదు. మా పోస్టర్ చూసి జనం తూనీగని గుర్తుపడతారు. బొమ్మలో రెక్కల మీద గీతలు ఇష్టమొచ్చినట్టుంటే, లోకంలో లేని జాతి ఒకటి గోడ మీద పెట్టి దీన్ని వెతకండి అన్నట్టవుతుంది. ఫొటో అయినా సరే, ఎవరు తీశారో, ఏ జాతో మేడమ్ చెప్పకపోతే వాడం.

రెండో బొమ్మ గుర్తుపట్టడానికి. అసలు తూనీగలు వాలినప్పుడు రెక్కలు పక్కలకి చాచే ఉంచుతాయి, సన్నగా పుల్లలా ఉండే డామ్సెల్‌ఫ్లైలు ఎక్కువ భాగం రెక్కలు వెనక్కి మూసి వీపు మీద పెట్టుకుంటాయి. తూనీగల్లో ఎక్కువ వాటికి కళ్లు నడినెత్తిన దాదాపు కలిసిపోయి ఉంటాయి, డామ్సెల్‌ఫ్లైలకి రెండు చివర్లా ఎడంగా ఉంటాయి. ఈ రెండు తేడాలు చాలు, కొత్తవాళ్లు మొదటిరోజే రెండు గుంపులుగా రాసేస్తారు. జాతి పేర్లు తెలియాలని మొదటే అడిగితే జనం బెదిరిపోయి వెనక్కి తగ్గుతారు, ఆ బెదురు నేను స్కూలు పిల్లల్లో కంటే పెద్దవాళ్లలోనే ఎక్కువ చూశాను.

ఫారంలో రంగు ఎందుకు తీసేశాం

ఫారంలో "రంగు ఏమిటి?" అనే ప్రశ్న ఉండేది. సహజంగా అందరికీ ముందు తట్టేది రంగే. కానీ తూనీగల్లో రంగును నమ్మితే ఇబ్బంది. చర్మం విడిచి కొత్తగా బయటికొచ్చినది పాలిపోయి ఉంటుంది. చాలా జాతుల్లో మగది ముదిరేకొద్దీ ఎర్రగానో నీలంగానో తేలుతుంది, ఆడది మరో రంగులో ఉండిపోతుంది. ఒకే చెట్టు కింద ఒకే జాతివి మూడు నిలబడితే మూడు జాతులని రాసేస్తారు. అందుకని ఆ ప్రశ్న తీసేసి, ఎక్కడ వాలింది, రెక్కలు ఎలా పెట్టుకుంది అని అడిగాం. ఫొటో తీసేవాళ్లకి పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, వీలైతే తోక కొస దగ్గరగా ఒకటి కావాలని చెప్పాం. ఆ కొసన మగవాటికి ఉండే పట్టుకారులాంటి భాగాలు చూసే చాలా జాతుల్ని తేల్చుకుంటారు.

ఎండ బాగా ఎక్కిన వేళ కొన్ని తూనీగలు తోక నిటారుగా సూర్యుడి వైపు ఎత్తి, తలకిందులైనట్టు నిలబడతాయి. ఒంటి మీద పడే ఎండ తగ్గించుకోడానికి అలా చేస్తాయి. ఆ భంగిమలో ఉన్న ఫొటోలు పంపి "దీనికి దెబ్బ తగిలిందా?" అని అడిగేవాళ్లు వరసగా రావడంతో, దానికి ఒక చిన్న కార్డు తయారుచేశాను. ఎక్కువమంది ఇతరులకి పంపుకున్న కార్డు అదే.

అనుమతుల వాక్యాలకి ఎక్కువ సమయం పట్టింది. మా సమాచారం ఎప్పటికైనా జీబిఐఎఫ్‌లో పెట్టాలని మేడమ్ ఉద్దేశం. 2001లో మొదలైన ఈ అంతర్జాతీయ భాండాగారం కేంద్రం కోపెన్‌హేగన్‌లో ఉంది, ప్రపంచంలో ఎక్కడ ఏ జీవి కనిపించిందో ఆ నమోదులు అందరికీ తెరిచి ఉంచుతుంది. అందులోకి వెళ్లాలంటే సమాచారం సీసీ జీరో, సీసీ బై, సీసీ బై ఎన్‌సీ అనే మూడు లైసెన్సుల్లో ఏదో ఒకదాని కింద ఉండాలి. ఈ పేర్లు ఫారంలో పెడితే ఎవరూ చదవరు, చదవకుండానే సరే నొక్కేస్తారు. అలా నొక్కించుకోవడం నాకు ఇష్టం లేదు. చివరికి ఇలా రాశాం: "మీరు పంపిన జాబితాని ప్రపంచంలో ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మీ పేరు చెప్పాలి. మీ ఫొటోని అమ్ముకోడానికి ఎవరూ వాడకూడదు. మీ పేరు కనిపించడం ఇష్టం లేకపోతే ఇక్కడ చెప్పండి." దాని కింద అసలు లైసెన్సు పేరు, పూర్తి పాఠానికి లింకు. ఇంకొకటి, ఇంటి పెరట్లో తొట్టి దగ్గర లెక్కపెట్టినవాళ్ల లొకేషన్ అంటే వాళ్ల ఇంటి అడ్రసే. దాన్ని మ్యాపులో ఉన్నది ఉన్నట్టు చూపించం అని ఫారంలోనే, లొకేషన్ అడిగే చోటే చెప్పాం.

కుబుసం

మొదటి బహిరంగ నడక. ఒడ్డు దాటి నీళ్లలోకి దిగొద్దు, పిల్లల పక్కన పెద్దవాళ్లుండాలి, ఈ రెండు మాటలూ మొదట్లోనే గట్టిగా చెప్పేశాను. తూనీగ కుడుతుందేమోనని భయపడేవాళ్లు ఇంకా ఉన్నారు. దానికి కొండి ఉండదు. పెద్దది చేత్తో పట్టుకుంటే కొరకడానికి చూస్తుందేమో గానీ కుట్టదు.

ఒక పిల్లాడు జమ్ము ఆకుల దగ్గర ఆగిపోయి పిలిచాడు. "అక్కా, ఇది చచ్చిపోయిందా?" ఆకుని పట్టుకుని ఒక గోధుమరంగు పురుగు, కదలడం లేదు. వంగి చూస్తే వీపు మీద నిలువునా చీలిక, లోపల ఖాళీ. తూనీగ పిల్లగా నీళ్లలోనే పెరుగుతుంది, జాతిని బట్టి కొన్ని వారాల నుంచి కొన్నేళ్ల దాకా. ఆఖర్న నీళ్లలోంచి ఆకు పట్టుకుని పైకి పాకి, వీపు పగలగొట్టుకుని రెక్కలతో బయటికొచ్చి ఎగిరిపోతుంది. ఆకు మీద మిగిలేది కుబుసం. భూతద్దం ఇచ్చాను వాడికి. చీలిక దగ్గర సన్నటి తెల్లటి దారాలు వేలాడుతున్నాయి. అవి ఊపిరి గొట్టాల లోపలి పొర, చర్మంతో పాటు అది కూడా ఊడొస్తుంది. తల కింద మడిచిపెట్టిన పెదవి ఉంది, నీళ్లలో ఉన్నప్పుడు దాన్ని ఒక్కసారిగా ముందుకి విసిరి దోమ పిల్లల్నీ చిన్న పురుగుల్నీ పట్టుకుంటుంది. వాడు చాలాసేపు అక్కణ్ణుంచి కదల్లేదు, వెనకాల లైను కట్టిన పిల్లలు భూతద్దం కోసం ఒకటే గోల.

మేడమ్ అప్పుడు చెప్పిన మాట మా ప్రచారం మొత్తాన్ని మార్చింది. పైన ఎగిరే తూనీగ ఎక్కణ్ణుంచో వచ్చి ఉండొచ్చు, దాన్ని చూసి ఈ నీళ్లు దానికి సరిపోతున్నాయని చెప్పలేం. కుబుసం దొరికిందంటే మాత్రం అది ఈ నీళ్లలోనే పెరిగి పెద్దదై బయటపడింది. అంటే మెరిసే ఫొటోల కంటే ఈ ఖాళీ తొడుగు బలమైన సాక్ష్యం. పైగా అది ఎగిరిపోదు, మంచి కెమెరా అక్కర్లేదు, మామూలు ఫోనుతో నిదానంగా తీసుకోవచ్చు. పెద్ద కెమెరాలు లేనివాళ్లు మా ప్రాజెక్టుకి తాము పనికిరామనుకుంటున్నారని నాకు లోపల ఒక బాధ ఉండేది. ఆ రాత్రే "ఆకుల మీద చూడండి" అనే కార్డు రాశాను. తర్వాతి వారాల్లో ఫోన్లతో తీసిన కుబుసాల ఫొటోలు రావడం మొదలయ్యాయి, పంపినవాళ్లలో చాలామంది అంతకు ముందు ఒక్కటీ పంపనివాళ్లు.

"ఇదేమిటి?" అనే గది

జాబితాతో పాటు "ఇదేమిటి?" అని అడగడానికి ఒక చోటు ఉండాలని మొదట్నుంచీ అడుగుతున్నాను. పని పెరుగుతుందని అందరికీ టెన్షన్. గెలాక్సీ జూ సంగతి చెప్పాను. 2007లో మొదలైన ఆ ప్రాజెక్టులో జనం గెలాక్సీల ఫొటోలు చూసి ఆకారాన్ని బట్టి వర్గీకరించాలి. హనీ వాన్ ఆర్కెల్ అనే డచ్ టీచర్ ఒక ఫొటోలో వింత వెలుగు మచ్చ చూసి, ఇదేమిటి అని అడిగింది. ఇచ్చిన వర్గాల్లో దేనికీ అది చెందదు. దాని మీద శాస్త్రవేత్తలు పరిశోధన చేశారు, ఇప్పుడది ఆమె పేరుతోనే హనీస్ వూర్‌వెర్ప్ అని నిలిచింది. అడగడానికి చోటు లేకపోతే ఆవిడ ఏదో ఒక బటన్ నొక్కి ముందుకెళ్లిపోయేది.

మాకూ వచ్చింది ఒక మంచి ప్రశ్న. తూనీగ ఒకటి ఆగి ఉన్న కారు బానెట్ మీద పదేపదే తోక తాటిస్తున్న వీడియో పంపి, దీనికి పిచ్చా అని అడిగారు. అది గుడ్లు పెడుతోంది. నీటి మీద పడి తిరిగొచ్చే వెలుగు ఒక తీరులో ధ్రువణం చెంది, అంటే దాని తరంగాలు ఎక్కువగా ఒకే దిశలో ఊగుతూ ఉంటుంది, తూనీగలు దాన్ని చూసే నీళ్లని గుర్తుపడతాయి. నున్నగా మెరిసే కారు పెయింటు మీద నుంచి వచ్చే వెలుగూ అలాగే ఉండడంతో దాన్ని చెరువనుకుంటాయి. ఆ గుడ్లన్నీ వృథాయే. ఇది రాసి పెడితే మిగతా అన్ని పోస్టులకంటే ఎక్కువ చూశారు. చూసినవాళ్లలో జాబితా పంపినవాళ్లు మాత్రం అతి కొద్దిమంది. పక్కింటివాళ్లు పిలిస్తే నడకకి వచ్చినవాళ్లు నిలబడ్డారు, వీడియో చూసి వచ్చినవాళ్లు ఒకసారి పంపి ఆగిపోయారు. అందుకని నా టైమ్ ఎక్కువ భాగం ఇప్పుడు వాలంటీర్లు పక్కవాళ్లకి పంపుకోడానికి వీలుగా చిన్న మెసేజీలు రాసివ్వడం మీద పెడుతున్నాను.

మ్యాపు ఏం చూపిస్తుందో చెప్పాలి

డేటా కుర్రాడు మొదటి మ్యాపు పంపాడు. రోడ్ల వెంబడి, పార్కుల చుట్టూ చుక్కలు దట్టంగా, మిగతాదంతా ఖాళీ. "అక్కా, ఇది తూనీగల మ్యాపు కాదు, మన మనుషుల మ్యాపు" అన్నాడు. నూటికి నూరుపాళ్లు నిజం. జనం వెళ్లే చోట చుక్కలుంటాయి, శని ఆదివారాల్లో పెరుగుతాయి. దీన్ని అలాగే బయటపెడితే ఖాళీగా ఉన్న చోట తూనీగలు లేవని చదువుకుంటారు.

అందుకని మూడు రకాలుగా చూపించాం. ఎవరూ వెళ్లని గడులు బూడిదరంగు. వెళ్లారు గానీ ఏమీ కనిపించనివి తెలుపు. కనిపించినవి నీలంలో, జాబితాకి సగటున ఎన్ని రకాలనే దాన్ని బట్టి ముదురు. ఎరుపు, ఆకుపచ్చ కలిపి వాడలేదు, ఆ రెండింటి తేడా తెలియనివాళ్లు మగవాళ్లలో తక్కువేం కాదు. మ్యాపు పైన శీర్షిక "బూడిదరంగు చోట్లకి ఎవరు వెళ్తారు?" అని పెట్టాను. "ఒక్కటీ కనిపించలేదు" బటన్ లేకపోతే ఈ తెలుపు గడులే ఉండేవి కావు, ఈ విషయం డిజైనర్ తనంతట తనే మీటింగులో చెప్పాడు.

పత్రికల వాళ్లు

ఒక విలేకరి ఫోన్. తూనీగలు ఎంత తగ్గాయండీ? మా దగ్గర ఉన్నది ఒక్క సీజన్ లెక్క. తగ్గాయనాలంటే ఇంకో లెక్కతో పోల్చాలి. అది చెప్తే వార్త అవదని వాళ్లకీ తెలుసు, నాకూ తెలుసు. కానీ ఇక్కడ మెత్తబడితే మిగతా పనంతా దండగ.

చెప్పగలిగినవి చెప్పాను. 2021లో ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ మొదటిసారి ప్రపంచం మొత్తమ్మీద తూనీగలు, డామ్సెల్‌ఫ్లైల పరిస్థితిని అంచనా వేసింది. 6,016 జాతుల్లో 16 శాతం అంతరించే ప్రమాదంలో ఉన్నాయని తేల్చింది. చిత్తడి నేలలు పోవడం, నీళ్లు పాడవడం పెద్ద కారణాలు. ఇది ప్రపంచం మాట. మా చెరువుల మాట ఇంకా తెలియదు, తెలుసుకోడానికే ఈ ప్రాజెక్టు. ఈ రెండింటినీ కలపొద్దని రాసి కూడా ఇచ్చాను. అయినా మర్నాడు ఒక చోట మా చెరువుల్లోనే తూనీగలు మాయమవుతున్నాయని శీర్షిక వచ్చింది. వెంటనే రాశాను, ఆన్‌లైన్‌లో మార్చారు, అచ్చులో మాత్రం సవరణ రాలేదు. అప్పట్నుంచీ శీర్షిక కూడా నేనే రెండు మూడు రకాలుగా రాసి ఇస్తున్నాను, చాలామంది వాటిలోంచే ఒకటి తీసుకుంటున్నారు.

భయపెట్టకుండా కూడా ఆసక్తి పుట్టించొచ్చు. పాంటాలా ఫ్లావెసెన్స్ అనే తూనీగ ఉంది, గ్లోబ్ స్కిమ్మర్ అంటారు. మాల్దీవుల్లో ఏటా గుంపులుగా దిగే ఈ తూనీగల్ని గమనిస్తూ వచ్చిన చార్లెస్ ఆండర్సన్ అనే సముద్రజీవ శాస్త్రవేత్త, ఇవి భారతదేశం నుంచి హిందూ మహాసముద్రం మీదుగా తూర్పు ఆఫ్రికాకి వెళ్తున్నాయని 2009లో ప్రతిపాదించారు. పోయేదొక తరం, తిరిగొచ్చేవి ఆ తర్వాతి తరాలు. ఇది చెప్పినప్పుడల్లా "ప్రతిపాదించారు" అనే మాట వదలకుండా రాస్తాను, అది ఉన్నా కథకి బలం తగ్గలేదు.

చోటు దాచడం

ఒక చిన్న వాగు దగ్గర, చాలా తక్కువ చోట్ల ఉండే జాతి ఒకటి దొరికింది. దొరకబుచ్చుకున్న అమ్మాయి కళ్లలో ఆనందం చూడాలి. లొకేషన్‌తో సహా గ్రూపులో పెట్టేద్దామంది. ఆగమన్నాను. కెమెరాలు పట్టుకుని ఒకేసారి జనం దిగితే అంత చిన్న వాగు ఒడ్డు తట్టుకోలేదు. జనం చూసిన జీవుల్ని నమోదు చేసే ఐనాచురలిస్ట్ అనే వెబ్‌సైటులో ఇలాంటి ప్రమాదం ఉన్న జాతుల చోటుని ఆటోమేటిగ్గా మసకబారుస్తారు, 0.2 డిగ్రీల పొడవూ వెడల్పూ ఉన్న గడిలో ఎక్కడో ఒక చుక్క చూపిస్తారు. మేమూ అదే పద్ధతి పెట్టుకున్నాం. పేరూ ఫొటో ఆమెవి, అభినందన అందరి ముందూ, చోటు మాత్రం మేడమ్ దగ్గర. దాచడానికి కారణం కూడా దాచకుండా రాశాం. అందరూ అర్థం చేసుకున్నారు, ఇద్దరు ముగ్గురు తప్ప.

తిరిగి చెప్పడం

నా పనిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే అనుకుంటాను. పంపినవాళ్లకి దాని తర్వాత ఏమైందో తెలియాలి. "ధన్యవాదాలు" అని మెషీన్ పంపే మెసేజీ లెక్కలోకి రాదు. గుర్తింపు మారినప్పుడు "మీది తప్పు" అనే మాట ఎక్కడా రానివ్వను. "మీ రెండో ఫొటోలో తోక కొస స్పష్టంగా ఉంది, దాన్ని బట్టి మేడమ్ ఇది ఫలానా జాతి అంటున్నారు, మీరూ ఒకసారి చూడండి" అని రాస్తాను. దేన్ని చూసి తేల్చారో చెప్తే తర్వాతి ఫొటో ఇంకా బాగా వస్తుంది, ఇది వరసగా చూస్తున్నాను.

ఒక పెద్దాయన ప్రతి ఆదివారం ఒకే కుంట దగ్గర లెక్కపెట్టి పంపుతారు. ఒకరోజు ఫోన్ చేశారు. "అమ్మా, ఎప్పుడూ అవే నాలుగు రకాలు రాస్తున్నాను, మీకు విసుగేమో, మానెయ్యమంటే మానేస్తాను." నాకు గుండె జారింది. మా దగ్గరున్న వాటన్నిటిలో తెగిపోకుండా సాగుతున్న వరస ఆయనదే. డేటా కుర్రాడి చేత ఆ కుంట గ్రాఫు గీయించి, ప్రింటు తీసి పంపాను. ఏ వారం ఏ రకం మొదట కనిపించింది, ఏది ఎప్పుడు ఆగిపోయింది, వానలు పడ్డాక ఏది పెరిగింది, అన్నీ అందులో ఉన్నాయి. "ఇంత ఉందా ఇందులో" అన్నారు. మర్నాడు ఇంకో ఫోన్, "అమ్మా, మధ్యలో ఒక వారం ఖాళీ ఉందేంటి?" ఆ వారం ఆయనకి ఒంట్లో బాగాలేదు. ఇప్పుడు వెళ్లలేని రోజున వెళ్లడానికి మనవరాలికి నేర్పుతున్నారు.

ఆ గ్రాఫు లాంటిది, కనీసం చిన్నదైనా, క్రమం తప్పకుండా పంపే ప్రతి ఒక్కరికీ వెళ్లాలి. దాని పాఠం రాయడమే ఈ వారం పని. ఫారంలో టైపు చెయ్యలేనివాళ్లు వాయిస్ మెసేజీ పెట్టే ఏర్పాటు సగంలో ఉంది, విని రాసుకోడానికి ఇద్దరు వాలంటీర్లు ఒప్పుకున్నారు. జీబిఐఎఫ్‌కి ఇచ్చే వివరణలో లెక్కపెట్టినవాళ్ల పేర్లు ఎలా రావాలో ఒక్కొక్కరినీ అడుగుతున్నాం. వచ్చే సీజన్‌కి ముందు తేలాల్సిన గొడవ ఇంకొకటి మిగిలింది: ఫారంలో కుబుసం ప్రశ్న ముందుండాలా, ఎగిరేవాటి ప్రశ్న ముందుండాలా. మేడమ్ కుబుసం అంటున్నారు. నేనూ ఆవిడ వైపే. డిజైనర్ మాత్రం, ఎగిరేదాన్ని చూసిన ఉత్సాహంలో ఉన్నవాణ్ణి ముందు ఆకులు వెతకమంటే ఫోను జేబులో పెట్టుకుని వెళ్లిపోతాడంటున్నాడు. రెండు రకాల ఫారాలూ తయారుచేసి చెరి సగం మందికి పంపి చూద్దామని తేల్చాం.